చెప్పుల పక్కన కూర్చున్న అండమాను తాత

మాతోపాటు పనిచేసి రిటైరైన పంతుళ్లూ పంతులమ్మలూ పన్నెండు మంది కలిసి పోయిన నెలలో అండమాన్ యాత్రకు పోయి వచ్చారు. నన్నూ రమ్మన్నారు గానీ, నంద్యాలలో మా ఇంటి నాలుగు మెట్లు దిగడానికే మోకాళ్లను బతిమాలుకునేదాన్ని, సముద్రం నడుమ దీవుల్లో ఏం తిరుగుతానని ఊరుకున్నాను. తిరిగొచ్చాక ఒక స్నేహితురాలు మా ఇంటికి వచ్చి ఫోనులో ఫోటోలు చూపించడం మొదలుపెట్టింది. సముద్రం బాగుంది, పడవలు బాగున్నాయి, ఆ తర్వాత జైలు వచ్చింది. మా వాళ్లంతా ఒక్కొక్కరే ఆ కొట్ల లోపలికి పోయి, ఊచలు పట్టుకుని, మొహాలు వేలాడేసి ఖైదీల్లాగా నటిస్తూ ఫోటోలు దిగారు. పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వుతున్నారు. నాకు ఎక్కడో చురుక్కుమంది. మా ఇంటి మనిషి ఒకాయన ఆ దీవుల్లో నలభై ఏండ్లుండి వచ్చాడని నోరు జారాను. ఆవిడ కళ్లు పెద్దవి చేసుకుని, స్వాతంత్ర్యం కోసం పోరాడినాయనా అని ఎంతో భక్తిగా అడిగింది. కాదు తల్లీ, దొంగ, అన్నాను. ఆ భక్తి ఎటు పోయిందో గానీ, ఫోను మాత్రం వెంటనే సంచిలోకి పోయింది.

ఆ రోజు నుంచి ఆయనే మనసులో మెదులుతున్నాడు. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు మనం మరీ పెంకితనం చేస్తే పెద్దవాళ్లు ద్వీపాంతరం పంపిస్తామని బెదిరించేవారు. ఆ మాటకు అర్థం మనకు తెలిసేది కాదు, బెదిరించేవాళ్లకూ సరిగా తెలిసేది కాదేమో. మా ఇంట్లో మాత్రం ఎవరూ ఆ మాట అనేవారు కాదు. మా జేజికి, అంటే మా నాయనను కన్నతల్లికి, ఒక తమ్ముడుండేవాడనీ, తెల్లదొరల కాలంలో ఒక ఇంటికి కన్నం వేసిన నేరానికి ఇరవై ఏండ్లైనా నిండకుండానే ఆయనను ఓడెక్కించి పంపేశారనీ మాకు తెలిసీ తెలియనట్టు తెలుసు. ఆయన ప్రస్తావన వస్తే జేజి లేచి వంటింట్లోకి పోయేది. ఆమె పోయిందంటే ఇక ఆ మాట అక్కడికి ఆగిపోవలసిందే.

డెబ్బై దశకం నడుమ నాకు పంతులమ్మ ఉద్యోగం ఆళ్లగడ్డలో వచ్చింది. మా నాయన నంద్యాలలో బడిపంతులు. పెండ్లికాని పిల్లను ఊరుగాని ఊళ్లో ఒంటరిగా ఉంచడమెందుకని ఆళ్లగడ్డలో ఉన్న జేజి ఇంట్లో దించిపోయాడు. జేజినాయన, అంటే జేజి భర్త, అప్పటికే కాలం చేశాడు. ఆయన కూలిపని నుంచి మేస్త్రీగా ఎదిగినవాడు, మా చర్చిలో ఇరవై ఏండ్లు సంఘపెద్దగా ఉండి ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్లెం పట్టుకున్నవాడు. గోడమీది ఆయన ఫోటోను జేజి రోజూ తుడిచేది. నాకు కూడా ఆయన మనవరాలినని చెప్పుకోవడంలో కాస్త మిడిసిపాటు ఉండేది, లేదని ఇప్పుడెందుకు బొంకాలి.

ఒక ఎండాకాలం సాయంత్రం నేను బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, నెత్తిన రేకు పెట్టె పెట్టుకుని ఒక ముసలాయన వీధిలో నిలబడి ఉన్నాడు. నల్లగా, ఎండిన చింతబరికెలాగా ఉన్నాడు, వీపు మాత్రం నిటారుగా ఉంది. ఓడలో మద్రాసుకు, అక్కడి నుంచి రైల్లో నంద్యాలకు, నంద్యాల నుంచి బస్సులో ఆళ్లగడ్డకు వచ్చాడని తర్వాత తెలిసింది. తలుపు బార్లా తెరిచి ఉన్నా గడప దాటలేదు.

"అక్కా, నేను వస్తి. లోపలికి రావచ్చునా?"

జేజి చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తి చూసింది. నలభై ఏండ్ల తర్వాత కనబడిన తమ్ముణ్ని చూసి ఏడుస్తుందనుకున్నాను. "ఇంతసేపాయెనేమిరా? రా, కాళ్లు కడుక్కో," అంది, అంగడికి పోయి ఆలస్యంగా వచ్చినవాణ్ని అన్నట్టు. అని మళ్లీ చాటలోకి తల వంచింది. ఆ రోజు మేము రాళ్ల అన్నమే తిన్నాం. ఆమె కండ్లకు ఏమీ కనబడలేదన్నమాట.

ఇలా ఆయన మా ఇంట్లో ఒకడైపోయాడు. నేను తాతా అనేదాన్ని, ఊళ్లో పిల్లలు అండమాను తాత అనేవారు. తెల్లవారకముందే లేచి, పడుకున్న దుప్పటి నాలుగు మూలలూ సమంగా కలిసేట్టు మడిచి గోడవారగా పెట్టేవాడు. తిన్న కంచం తానే కడుక్కునేవాడు. నన్ను ఆశ్చర్యపెట్టింది మాత్రం ఆయన గడప దగ్గరి అలవాటు. పెరట్లోకి పోయి వచ్చినా సరే, తలుపు బయట నిలబడి "రావచ్చునా?" అని అడిగి, ఎవరో ఒకరం రమ్మనేదాకా అడుగు లోపల పెట్టేవాడు కాదు. జేజికి ఒళ్లు మండిపోయేది. నీ ఇల్లు గాదేమిరా, ఊరికే రా, అని కసిరేది. ఒకనాడు ఆయన నవ్వి, "ఒగసారి అడక్కుండా పోతి గదక్కా, చాలదా?" అన్నాడు. ఆ తర్వాత జేజి ఎప్పుడూ కసరలేదు.

ఆ దీవుల్లో వడ్రంగం నేర్చుకున్నాడు. మా బడిలో విరిగిన బెంచీలన్నీ ఆయన చేతిమీదుగానే మళ్లీ నిలబడ్డాయి. ఉయ్యాలవాడ, దొర్నిపాడు వాళ్లు కూడా కిటికీలకూ తలుపులకూ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. దొంగ చేత తలుపు చేయించుకుంటే ఇంక ఏ దొంగకూ భయపడే పనిలేదని వాళ్లు వేళాకోళమాడితే ఆయనా వాళ్లతోపాటు నవ్వేవాడు. మనం అడిగితేనే అక్కడి సంగతులు చెప్పేవాడు. నలుగురు చేతులు చాచి పట్టుకున్నా అందని మానులు నరికిన సంగతి, జలగలు పట్టిన కాళ్లతో దారులు వేసిన సంగతి, యుద్ధంలో జపానువాళ్లు వచ్చి కూర్చున్నాక తిండి లేక ఆకులు ఉడకబెట్టుకు తిన్న సంగతి, ఎవరివో ఇతరుల ముచ్చట్లు చెప్పినట్టు చెప్పేవాడు. యుద్ధమయ్యాక ఖైదీలను వదిలేసి, ఇష్టమైతే మీ ఊళ్లకు పొమ్మన్నారట. ఏ మొహం పెట్టుకుని వచ్చేదని అక్కడే ఉండిపోయి, తనలాంటి ఖైదీ కూతురినే, మన భాష రాని పిల్లను, పెండ్లాడాడు. మాటలు కలిసేకి రెండేండ్లు పట్టె పాపా, ఆ రెండేండ్లే కొట్లాట లేకుండ ఉంటిమి, అని చెప్పి ఎంతసేపో నవ్వాడు. పిల్లలు కలగలేదు. ఆమె పోయాక ఇక అక్కడ ఉండబుద్ధి కాలేదు.

ఏ పనికీ వెనుదీయని మనిషి, ఒక్క మిద్దె మాత్రం ఎక్కేవాడు కాదు. అప్పట్లో మా వైపు ఇండ్లన్నీ మట్టిమిద్దెలే కదా. వానలు పడకముందు ప్రతి ఇంటివాళ్లూ బండ్లతో చవుడు మట్టి తోలించి, మిద్దె మీద పరిచి, కురవకుండా తొక్కించుకునేవారు. మా మిద్దెకు చవుడు వేసేనాడు తాత గంపలతో మట్టి మోసి నిచ్చెన కిందిదాకా తెచ్చి, అక్కడ ఆగిపోయేవాడు. వయసు మీదపడి భయమనుకున్నాను. అసలు సంగతి తెలియడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

ఆయన వచ్చింది చావు వేళకు సొంత ఊళ్లో ఉందామని కాదు. మా చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఒక్కసారి రొట్టె ముక్క తీసుకోవాలని వచ్చాడు. శిక్షపడినప్పుడే సంఘంలోంచి ఆయన పేరు కొట్టేశారు. వెలిపడినవాళ్లు చర్చికి రావచ్చు గానీ, అందరూ చెప్పులు విడిచే చోట, తలుపు పక్కన కూర్చోవాలి. పళ్లెం వాళ్ల దాకా రాదు. ఆ రోజుల్లో అది నియమం. అయితే కొడుకును ఓడెక్కించిన తర్వాతి ఆదివారమే ఆయన తల్లి, అంటే మా జేజి తల్లి, ఏ తప్పూ చేయని మనిషి, పోయి ఆ చెప్పుల పక్కన కూర్చుందట. నా కొడుకు తిన్ననాడే నేనూ తింటానని ఎవరు బతిమాలినా లేవలేదట. అట్లాగే తొమ్మిదేండ్లు కూర్చుని, ముక్క నోట పెట్టకుండానే పోయింది. ఈ సంగతి జేజినాయన ఎప్పుడో ఉత్తరంలో రాస్తే, అది చదివించుకున్న రోజు నుంచి తాతకు కూడు సయించలేదట. తాను ఆ ముక్క తింటే తప్ప తన తల్లి ఉపవాసం తీరదని ఆయన గట్టిగా నమ్మాడు. తప్పో ఒప్పో చెప్పడానికి నేనెంతదాన్ని.

మా చర్చి పాస్టరు అయ్యగారు అప్పుడు కొత్తగా వచ్చిన కుర్రవాడు, మంచివాడే, నియమం విషయంలో మాత్రం రాయి. వెలిపడినవాడు తిరిగి చేరాలంటే రెండు పనులు జరగాలన్నాడు. నెల మొదటి ఆదివారం, బల్ల సిద్ధమయ్యేముందు, సంఘమంతా వినేలా లేచి నిలబడి తన తప్పు తన నోటితో చెప్పాలి. అంతకంటే ముందు, నష్టపోయినవాళ్ల దగ్గరికి పోయి, మాకు అభ్యంతరం లేదనే మాట తెచ్చుకోవాలి. తాత వెంటనే తలూపాడు. మరుసటి ఆదివారమే నెల మొదలు కాబట్టి, చేతిలో ఉన్నది ఎనిమిది రోజులు.

నష్టపోయినవాళ్లు అంగళ్ల వీధిలోని శెట్టిగారి కుటుంబం. అప్పటి యజమానీ, ఆయన భార్యా ఎప్పుడో పోయారు, వాళ్ల కొడుకూ పోయాడు. ఇంట్లో ఆ కొడుకు భార్య, అందరూ శెట్టెమ్మ అనే పెద్దామె, ఆమె కొడుకు, కోడలు ఉండేవారు. దొంగతనం జరిగేనాటికి శెట్టెమ్మ ఆ ఇంటికి కాపురానికి వచ్చి ఆరు నెలలు కాలేదు, పదహారేండ్ల పిల్ల. ఆమె మనవడు నా తరగతిలోనే చదివేవాడు, ఆ చనువుతో తాత నన్ను తోడు రమ్మన్నాడు.

శెట్టెమ్మ అరుగు మీద పీట వేసుకుని కూర్చుంది. తాత చెప్పులు విడిచి, మెట్లు ఎక్కకుండా వీధిలోనే చేతులు కట్టుకుని నిలబడి, తాను ఫలానా అనీ, ఆ ఇంటికి కన్నం వేసినవాళ్లలో తానొకడిననీ, మిగతా నలుగురూ పోయారనీ, అందరి తరఫునా మన్నించమని అడగడానికి వచ్చాననీ చెప్పుకున్నాడు. ఆమె ముఖంలో కోపం కనబడలేదు. అంతా విని, తాంబూలం నమలడం ఆపి, నిదానంగా మొదలుపెట్టింది.

"నగలు పోతే పోనీ. అవి మా యత్తవి, నావి గావు. ఆ దొంగగూడు మా యింట్లోవాళ్లకు దప్ప పిట్టకు గూడ తెల్దు. జొన్నల బాన ఎనక, పైన సున్నం పూసి, గోడ మాదిరే ఉండేది. మీరు సక్కగా ఆడికే కన్నమేస్తిరి. ఇంటికి కొత్తగా వచ్చిందాన్ని నేనొక్కదాన్నే. పుట్టింటోళ్లతో నేనే చెప్పిచ్చినానని మా యత్త సచ్చేదాంక అనె. మా యింటాయన ఒగనాడన్న కాదనకపాయె. మన్నించేది తరవాత సూస్తాం. ముందర ఇది జెప్పు, ఆ గూడు నీకు యెవరు జూపిచ్చిరి?"

తాత మొహం పాలిపోయింది. ఆమెకు ఇంత జరిగిందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఆదివారం దాకా గడువియ్యమన్నాడు. నలభై ఏండ్లు మోస్తి, ఇంగ ఆదివారం దాంక మొయ్యలేనా, పో, అందామె.

ఆ సాయంత్రం తాత గడప బయట నిలబడి రావచ్చునా అని అడగను కూడా లేదు. అక్కడే వీధిలో కూలబడి, జేజిని బయటికి పిలిచి, చెప్పాడు. ఎవరూ చూపించలేదట. ఆ ఏడాది వానలకు ముందు శెట్టిగారి మిద్దెకు చవుడు వేసే పనికి ఇద్దరు పోయారు, తాత ఒకడు, రెండో ఆయన తాతకు బావ, అంటే మా జేజినాయన. మావాళ్లను ఆ రోజుల్లో శెట్టిగారింటి గడప తొక్కనిచ్చేవారు కాదు, వీధివైపు నుంచి నిచ్చెన వేసుకుని ఎక్కి, అట్లాగే దిగేవారు. మిద్దె మీద వెలుతురు కోసం వదిలిన కంత, గవాచి, ఉంటుంది కదా, దాని మీది బండ పక్కకు జరిపి చుట్టూ మట్టి సర్దుతుంటే, కింద ఇంటి పెద్దామె, ఆ అత్తగారే, ఏదో పెండ్లికి నగలు తీసుకోవడానికి బాన జరిపి గూడు తెరుస్తూ కనబడింది. ఇద్దరూ చూశారు. అట్ల చూడద్దురా, పని చూసుకో, అన్నాడట జేజినాయన. ఆయన చూసి మరిచిపోదామనుకున్నాడు, తాత మరిచిపోలేదు. నెల తిరక్కుండానే మరో నలుగురితో కలిసి పోయాడు. కాపలావాడికి తల పగలడంతో శిక్ష అంత పెద్దదైంది.

గూడు సంగతి ఎట్లా తెలిసిందని పోలీసులు ఎంత కొట్టినా తాత చెప్పలేదు. మిద్దె మీంచి చూశానంటే పక్కనున్న బావను కూడా లాక్కుపోతారు, అప్పటికి జేజి నెల తప్పి ఉంది. ఆ కడుపులో ఉన్నది మా నాయన. గడపే తొక్కనివాళ్లకు ఇంట్లో గూడు ఎట్లా తెలుస్తుందని మిద్దెపనివాళ్ల మీద ఎవరికీ అనుమానం రాలేదు. నింద ఇంట్లోనే ఉండిపోయింది, ఇంట్లో కొత్తమనిషి మీద. ఆ పిల్లను బజారంతా ఏమనుకుంటున్నారో జేజినాయనకు మాత్రం తెలుసు. ఆయన ఉన్నది ఈ ఊళ్లోనే కదా. తెలిసి, నోరు మూసుకుని, సంఘపెద్దగా ఇరవై ఏండ్లు పళ్లెం పట్టుకున్నాడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. అప్పుడు నాకు కోయిలకుంట్ల నుంచి ఒక మంచి సంబంధం వచ్చి ఉంది. జేజినాయన పేరు చూసే వాళ్లు వచ్చారు. మా నాయన ఉద్యోగం, నా ఉద్యోగం, గోడమీది ఆ ఫోటో, అన్నీ ఒక్కసారిగా కండ్లముందు తిరిగాయి. తాత చెయ్యి పట్టుకుని బతిమాలాను. ఎవరూ చెప్పలేదు, గోడ మీద తట్టి చూసి బోలుగా ఉంటే అంచనా వేసుకున్నానని శెట్టెమ్మతో చెప్పమన్నాను. ఆమె నింద పోతుంది, మన పరువు నిలుస్తుంది, ఎవరికేం నష్టమని వాదించాను. పంతులమ్మను కదా, అబద్ధాన్ని కూడా చక్కగా పాఠంలాగా ఒప్పజెప్పాను.

"పాపా, అబద్ధం జెప్పి తీసుకుంటే ఆ ముక్క గొంతు దిగుతాదా?" అన్నాడు తాత. తర్వాత జేజి వైపు తిరిగాడు. "అక్కా, ఆయప్ప నీ మొగుడు. నువ్వు వద్దంటే చెప్పను. ఉన్నన్నాళ్లు చెప్పుల కాడనే కూచుంటా."

జేజి లేచి వంటింట్లోకి పోయింది.

ఆ వారమంతా ఆమె మాతో మాట్లాడలేదు. వండింది, పెట్టింది, ఫోటో తుడిచింది. తాత ఏమీ అడగలేదు. అవుకు ఊరివాళ్లకెవరికో ఒప్పుకున్న తలుపు చెక్కుకుంటూ కూర్చున్నాడు. నేను మాత్రం ఆమె మౌనాన్ని నాకు అనుకూలంగానే లెక్కవేసుకున్నాను. ముప్పై ఏండ్లకు పైగా కాపురం చేసిన మనిషి పరువు ఏ ఆడది తీసుకుంటుంది అనుకుని లోలోపల సంతోషించాను. పాపం తాత, ఆ చెప్పుల దగ్గరే ఉంటాడులే అని కూడా అనుకున్నాను. అట్లా అనుకున్న దాన్ని నేనే.

ఆదివారం పొద్దున జేజి తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, మాకంటే గంట ముందే ఇల్లు వదిలింది. మేము చర్చికి పోయేసరికి ఆమె లేదు. తాత తలుపు పక్కన చెప్పుల దగ్గర కూర్చున్నాడు, నేను ఆడవాళ్ల వైపు కూర్చున్నాను. పాట మొదలయ్యాక జేజి వచ్చింది, ఆమె పక్కన శెట్టెమ్మ ఉంది. అంగళ్ల వీధి నుంచి ఇద్దరు ముసలమ్మలూ నడుచుకుంటూ వచ్చారు. శెట్టెమ్మ లోపలికి రాలేదు, తలుపు బయటే నిలబడింది. జేజి ఎప్పుడూ కూర్చునే ముందు వరసకు పోకుండా, తమ్ముడి పక్కన, చెప్పుల్లోనే కూర్చుని, "లేసి చెప్పు. ఆయన పేరుతోనే చెప్పు," అంది. చర్చి అంతా వినబడింది.

తాత లేచాడు. పెద్దగా గొంతు లేని మనిషి, ఆనాడు మాత్రం చిట్టచివరి వరస దాకా వినబడింది. తాను చేసింది చెప్పాడు, మిద్దె సంగతి, గవాచి సంగతి చెప్పాడు, బావ చూసి వద్దన్నాడనీ, తాను వినలేదనీ, తర్వాత ఇద్దరూ నోరు మూసుకున్నామనీ చెప్పాడు. గూడు బయటపెట్టింది ఆ ఇంటి కోడలు కాదనీ, అత్తగారి చేతులే చూపించాయనీ, చేసిన దొంగతనం కంటే మూసుకున్న నోరే పెద్ద తప్పనీ చెప్పి, అయ్యగారి వైపు కాకుండా తలుపు వైపు తిరిగి తల వంచాడు. జేజి తల మాత్రం వంగలేదు. నేను నేల చూస్తూ కూర్చున్నాను.

తల్లి చర్చికి పోయిందని తెలిసి, కోప్పడి తీసుకుపోదామని శెట్టెమ్మ కొడుకు అప్పటికే పరుగున వచ్చి ఆవరణలో నిలబడ్డాడు. అంతా విన్నాడు. అయ్యగారు తడబడుతూ, ఈయనను మన్నించారా అని శెట్టెమ్మను అడిగాడు.

"మన్నించలేదు," అంది శెట్టెమ్మ. "నలభై ఏండ్లు ఒగ మాటతో పోయేటివి గావు. అయితే మీ దేవుడు పెట్టే ముద్దకు అడ్డం పడేదానికి నేనెవర్ని? పెట్టుకోండి."

అయ్యగారి నియమంలో ఇటువంటి జవాబుకు చోటు లేదు మరి. జేజి కూర్చున్న చోటి నుంచే, అడ్డం లేదని చెప్పె గదయ్యా, ఇంగేం గావాల నీకు, అని గదమాయించింది. బల్ల మీద గుడ్డ తీశారు. తాత నడిచిపోయి, రెండు చేతుల్లో ముక్క పట్టుకుని, కండ్లు మూసుకుని తిన్నాడు. అది ఆయన గొంతు దిగడం నేను చూశాను. మా జేజి కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు కూడా ఏడుపాగలేదు.

బయట ఇంకోటి జరిగింది. శెట్లిండ్లలో బీగాల గుత్తి, అంటే తాళంచెవుల గుత్తి, ఇంటి ఆడవాళ్ల నడుముకు ఉండడం రివాజు. ఆ ఇంట్లో అది అత్తగారి నుంచి శెట్టెమ్మ భర్తకు, ఆయన నుంచి ఆమె కొడుకుకు పోయింది గానీ శెట్టెమ్మ నడుముకు ఒక్కరోజు కూడా చేరలేదు. కొడుకు అందరి ముందూ మొలతాడు నుంచి ఆ గుత్తి విప్పి తల్లి చేతిలో పెట్టాడు. ఆమె అరచేతిలో దాన్ని కాసేపు చూసుకుని, మళ్లీ వాడి చేతిలోనే పెట్టేసి, "నాకెందుకురా ఇంగ. నీ పెండ్లానికియ్యి, పో," అని ముందు నడిచింది. వాడు గుత్తి పట్టుకుని తల్లి వెనకాలే పోయాడు.

కోయిలకుంట్లవాళ్లు మళ్లీ రాలేదు. రెండేండ్ల తర్వాత నన్ను చేసుకున్నాయన ఈ కథంతా విని, ముందు ఆ ముసలాయనను చూపించమన్నాడు. మా నాయన జేజిమీద కొన్నాళ్లు అలిగాడు. ఫోటో గోడమీదే ఉంది, జేజి రోజూ తుడుస్తూనే ఉంది. ఎందుకు తుడుస్తావని ఒకసారి అడిగితే, దుమ్ము పడ్తాంది గాబట్టి, అంది. తాత మాత్రం, ఇక ముందు వరసలోకి రమ్మని అయ్యగారు ఎన్నిసార్లు పిలిచినా పోలేదు. అది మాయమ్మ కూచున్న తావు అని ప్రతి ఆదివారం చెప్పుల పక్కనే కూర్చున్నాడు, పళ్లెమే అక్కడికి వచ్చేది. ఆ పైన శెట్టెమ్మ ఇంట్లో ఏడాదికి రెండు మూడుసార్లు ఏదో ఒక తలుపు బిగుసుకుపోయేది, తాతకు కబురొచ్చేది. ఆయన మెట్లెక్కి గడప బయట నిలబడి రావచ్చునా అని అడిగేవాడు. లోపల్నుంచి చూస్తూ కూడా ఆమె చాలాసేపు పలికేది కాదు. కాళ్లు నొప్పులు పుట్టేదాకా నిలబెట్టి, అప్పుడు "రా" అనేది. ఎనభైల మొదట్లో ఆయన పోయేదాకా ఆ నిలబెట్టడం మానలేదు, ఈయన పోవడమూ మానలేదు. నా బతుకులో చాలామంది గొప్పవాళ్లను చూశాను, సన్మాన సభల్లో దండలు కూడా వేశాను గానీ, ఈ దొంగ అంత నిటారైన మనిషిని మళ్లీ చూడలేదు.

ఇప్పుడు ఆళ్లగడ్డలో మట్టిమిద్దెలు వెతికినా కనబడవు, చవుడు అంటే నా మనవరాళ్లకు తెలియదు. చర్చిలన్నీ మారాయి. చలువరాళ్లు పరిచారు, మైకులు పెట్టారు, వెలివేయడం అనే మోటు పద్ధతి పోయింది. పోవడమే మంచిది, ఆ చెప్పుల దగ్గర ఒక నిరపరాధి తల్లి తొమ్మిదేండ్లు కూర్చోవాల్సి వచ్చింది కదా. ఇప్పుడు ఎవరికి వారు పరీక్షించుకుని తీసుకోండని అయ్యగారు మైకులో అంటారు, అందరం వరసగా పోయి తీసుకుంటాం. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. ఆ ఆదివారం తాత తర్వాత నా వంతు వచ్చినప్పుడూ ఎవరూ అడగలేదు. ఒక ఆడకూతురి నింద ఒక అబద్ధంతో సర్దేయమని, ఒక ముసలాయనను చచ్చేదాకా తలుపు పక్కనే ఉండిపొమ్మని కోరుకున్న దాన్ని, చెయ్యి చాచి ముక్క తీసుకున్నాను. అప్పటి నుంచి తీసుకుంటూనే ఉన్నాను. తాతకు తెలుసు, జేజికి తెలుసు, వాళ్లు ఎవరితోనూ అనలేదు. ఈ మాట నేను ఎప్పుడో లేచి నిలబడి చెప్పవలసింది, కూర్చుని రాస్తున్నాను.